హైడ్రోజన్ వాయువులో కార్బన్ మోనాక్సైడ్ తొలగింపు: పొడిగా బాగా పనిచేసిన ఉత్ప్రేరకం మోనోలిత్ మీద పూతగా ఎందుకు తడబడుతోంది?

వరంగల్_పరిశోధకుడు

సభ్యులకు నమస్కారం. ఫ్యూయల్ సెల్‌కు పంపే ముందు హైడ్రోజన్‌లో మిగిలిపోయిన కార్బన్ మోనాక్సైడ్‌ను మాత్రమే ఎంచి ఆక్సిజన్‌తో కాల్చే చర్య మీద, అంటే ప్రాక్స్ మీద పనిచేస్తున్నాను. నా ఉత్ప్రేరకం సీరియం ఆక్సైడ్ మీద నిలిపిన రాగి ఆక్సైడ్. సహజవాయువును రిఫార్మ్ చేసి (నీటి ఆవిరితో కలిపి హైడ్రోజన్‌గా మార్చి), రెండు షిఫ్ట్ రియాక్టర్లు (కార్బన్ మోనాక్సైడ్‌నూ నీటి ఆవిరినీ కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్‌గా మార్చేవి) దాటించాక వచ్చే వాయువును పోలిన మిశ్రమాన్ని సిలిండర్ల నుంచి కలుపుకుంటున్నాను: హైడ్రోజన్ 50 శాతం, కార్బన్ డయాక్సైడ్ 20 శాతం, నీటి ఆవిరి 10 శాతం, కార్బన్ మోనాక్సైడ్ 1 శాతం, ఆక్సిజన్ 1 శాతం, మిగతాది నైట్రోజన్.

సన్నని క్వార్ట్జ్ గొట్టంలో కొద్దిపాటి పొడిని క్వార్ట్జ్ రేణువులతో కలిపి పరీక్షించినప్పుడు 150 డిగ్రీల సెల్సియస్ దగ్గర కార్బన్ మోనాక్సైడ్ దాదాపు పూర్తిగా పోతోంది. అదే పొడిని చదరపు అంగుళానికి 400 రంధ్రాలున్న కార్డిరైట్ మోనోలిత్‌కు, అంటే తేనెపట్టులాంటి సిరామిక్ ఇటుకకు పూతగా పట్టించి, ఉత్ప్రేరకం బరువుకూ వాయుప్రవాహానికీ ఉన్న నిష్పత్తిని మార్చకుండా నడిపితే, బయటికి వచ్చే వాయువులో కార్బన్ మోనాక్సైడ్ 400 పీపీఎం (పది లక్షల వంతుల్లో 400) కంటే కిందికి దిగడం లేదు. కొలిమి ఉష్ణోగ్రతను 120 నుంచి 200 డిగ్రీల వరకు మార్చి చూశాను. కొంతవరకు తగ్గి, ఆ తర్వాత మళ్లీ పెరుగుతోంది. మోనోలిత్ వ్యాసం 25 మి.మీ., పొడవు 50 మి.మీ.; గంటకు దాని ఘనపరిమాణానికి 10,000 రెట్ల వాయువు వెళుతోంది. ఫ్యూయల్ సెల్ పాడవకుండా ఉండటానికి నాకు కావలసింది 10 పీపీఎం. పూత సరిగా పట్టలేదా, రంధ్రం మధ్యలో పోయే వాయువు గోడను తాకకుండానే బయటపడుతోందా, ఇంకేదైనా కారణమా అన్నది తేల్చుకోలేకపోతున్నాను.

విశ్రాంత_రసాయనుడు, హైదరాబాదు

మీరు చెప్పిన ఉష్ణోగ్రతలు కొలిమివా, మోనోలిత్ లోపలివా? ఈ ప్రశ్నకు జవాబు తెలియకుండా పూతను తప్పుపట్టడం తొందరపాటు అవుతుంది.

మీ మిశ్రమంతోనే లెక్క వేద్దాం. కార్బన్ మోనాక్సైడ్ ఒక మోల్ కాలితే 283 కిలోజౌళ్ల వేడి, హైడ్రోజన్ ఒక మోల్ కాలితే 242 కిలోజౌళ్ల వేడి వెలువడతాయి. ఒక శాతం కార్బన్ మోనాక్సైడ్‌ను పూర్తిగా కాల్చడానికి అర శాతం ఆక్సిజన్ చాలు. మీరు దానికి రెట్టింపు ఇస్తున్నారు కాబట్టి మిగిలిన అర శాతం ఇంకో శాతం హైడ్రోజన్‌ను కాల్చి నీరుగా మారుస్తుంది. రెండూ కలిపితే ఒక మోల్ వాయువుకు సుమారు 5.25 కిలోజౌళ్లు. వాయువు ఉష్ణధారణను మోల్‌కు 30 జౌళ్లుగా తీసుకుంటే, వేడి ఎటూ పోలేని పరిస్థితిలో ఉష్ణోగ్రత 175 డిగ్రీలు పెరగాలి. అంటే 120 డిగ్రీల దగ్గర లోపలికి వెళ్లిన వాయువు దాదాపు 295 డిగ్రీల దగ్గర బయటికి రావచ్చు. రాగి, సీరియం జంట సక్రమంగా పనిచేసేది స్థూలంగా 100 నుంచి 200 డిగ్రీల మధ్యనే. ఆ పైన అది కార్బన్ మోనాక్సైడ్‌ను వదిలి హైడ్రోజన్‌నే కాల్చడం మొదలుపెడుతుంది.

క్వార్ట్జ్ గొట్టంలో మీకు ఈ బాధ ఎందుకు కనిపించలేదంటే, అక్కడ పొడిని జడ రేణువులతో పలచన చేశారు, గొట్టమూ సన్నం, పుట్టిన కొద్దిపాటి వేడి గోడకు చేరి కొలిమిలో కలిసిపోయింది. కార్డిరైట్ అలా వేడిని పోనివ్వదు. దాని ఉష్ణవాహకత మీటరుకు, డిగ్రీకి ఒకటి నుంచి మూడు వాట్ల మధ్య ఉంటుంది. పైగా ఆ ఇటుకలో ముప్పావు వంతు ఖాళీయే.

గోడను తాకకుండా పోతోందేమోనన్న మీ రెండో అనుమానాన్ని మాత్రం పక్కన పెట్టవచ్చు. హైడ్రోజన్ ఎక్కువగా ఉన్న వాయువులో విసరణ చాలా వేగంగా జరుగుతుంది. సుమారు 1.1 మి.మీ. వెడల్పున్న రంధ్రంలో, 150 డిగ్రీల దగ్గర, వెయ్యిలో 999 వంతుల కార్బన్ మోనాక్సైడ్ గోడను చేరడానికి పది మిల్లీసెకన్లు కూడా అక్కరలేదు. మీ ప్రవాహ వేగానికి వాయువు రంధ్రంలో 150 మిల్లీసెకన్లకు పైగా ఉంటోంది.

వరంగల్_పరిశోధకుడు

ధన్యవాదాలండీ. అవి రియాక్టర్ బయటి గోడకు ఆనించిన థర్మోకపుల్ (ఉష్ణోగ్రత కొలిచే తీగ) చూపిన ఉష్ణోగ్రతలు. లోపల కొలిచే ఏర్పాటు చేసి మళ్లీ రాస్తాను.

అమ్మోనియా_ఇంజనీరు, కాకినాడ

నాది ఫ్యూయల్ సెల్ రంగం కాదు, ఎరువుల రంగం. అక్కడ ఎప్పటినుంచో ఇదే సమస్యను ఇంకో దారిలో పరిష్కరిస్తున్నాం కాబట్టి అడుగుతున్నాను. అమ్మోనియా సంశ్లేషణలో వాడే ఇనుప ఉత్ప్రేరకానికి కార్బన్ ఆక్సైడ్లు పడవు. అందుకని ఇనుము, క్రోమియం ఉత్ప్రేరకంతో అధిక ఉష్ణోగ్రత షిఫ్ట్, ఆ తర్వాత రాగి, జింకు ఉత్ప్రేరకంతో అల్ప ఉష్ణోగ్రత షిఫ్ట్, ఆపైన ద్రావణంతో కార్బన్ డయాక్సైడ్ కడిగివేత, చివరికి మిగిలిన కార్బన్ ఆక్సైడ్లను నికెల్ మీద మీథేన్‌గా మార్చే మిథనేటర్ అనే క్రమంలో వెళతాం. సుమారు 300 డిగ్రీల దగ్గర మిథనేటర్‌లోకి వెళ్లిన వాయువులో రెండు ఆక్సైడ్లూ కలిపి 10 పీపీఎం లోపుకు దిగిపోతాయి. గాలి కలపాల్సిన పని లేదు, హైడ్రోజన్‌ను ఆక్సిజన్‌తో కాల్చుకునే ప్రమాదమూ లేదు. మామూలు గుళికల పడకే చాలు. తేనెపట్టు ఇటుకలతో అవసరం రాదు. మీరు ఇంత కష్టపడే బదులు ఒక చిన్న మిథనేటర్ పెట్టుకోకూడదా?

విశ్రాంత_రసాయనుడు

మీ ప్లాంటులో ఆ మిథనేటర్‌ను కాపాడుతున్నది దానికి ముందున్న కార్బన్ డయాక్సైడ్ కడిగివేత. అక్కడికి చేరే వాయువులో కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం చుట్టూ, కార్బన్ డయాక్సైడ్ 0.1 శాతం లోపు ఉంటాయి. మీకు బాగా తెలిసిన లెక్కే: ఒక శాతం కార్బన్ మోనాక్సైడ్ మీథేన్‌గా మారితే ఉష్ణోగ్రత 74 డిగ్రీలు, ఒక శాతం కార్బన్ డయాక్సైడ్ మారితే 60 డిగ్రీలు పెరుగుతుంది. వరంగల్ మిత్రుడి వాయువులో కార్బన్ డయాక్సైడ్ 20 శాతం ఉంది. దాన్ని నికెల్ మీదికి వదిలితే పడక అదుపు తప్పి వేడెక్కుతుంది. అంతా మీథేన్ కావాలంటే 80 శాతం హైడ్రోజన్ కావాలి, ఉన్నదేమో 50. ఇంటి అవసరానికి ఒక కిలోవాట్ యంత్రం తయారుచేసేవారు ద్రావణంతో కడిగే స్తంభాలు పెట్టుకోలేరు. రుథేనియం మీద కార్బన్ మోనాక్సైడ్‌ను మాత్రమే మిథనేట్ చేసే పద్ధతి ఉంది కానీ, దానికీ ఉష్ణోగ్రత కిటికీ ఇరుకే. కొన్ని డిగ్రీలు దాటితే కార్బన్ డయాక్సైడ్ కూడా చర్యలోకి దిగుతుంది. అంటే వేడిని అదుపులో పెట్టే సమస్య అక్కడా తప్పదు.

పెద్ద రిఫైనరీలు అధిశోషణంతో, అంటే పీడనాన్ని పెంచి తగ్గించే పీఎస్‌ఏ స్తంభాలతో హైడ్రోజన్‌ను శుద్ధి చేస్తాయి. అది పెద్ద పీడనమూ పెద్ద పరిమాణమూ ఉన్నచోట లాభం. చిన్న యంత్రానికి ప్రాక్స్ ఎందుకంటే అది వాతావరణ పీడనంలో, కొద్దిపాటి గాలితో పనిచేస్తుంది. ఈ పద్ధతి కూడా మీ రంగం నుంచే వచ్చింది. 1960ల్లో ఎంగెల్‌హార్డ్ కంపెనీ ప్లాటినం ఉత్ప్రేరకంతో అమ్మోనియా ప్లాంట్ల కోసం సెలెక్టాక్సో అన్న ప్రక్రియను ముందుకు తెచ్చింది.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. ఈ వాయువును షిఫ్ట్ చర్య సమతాస్థితికి వదిలేస్తే 200 డిగ్రీల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ సుమారు అర శాతం దగ్గర ఆగుతుంది. 100 డిగ్రీలకు దించినా 350 పీపీఎం దగ్గరే ఉంటుంది. 275 డిగ్రీల దగ్గరైతే ఒకటిన్నర శాతం పైనే, అంటే లోపలికి వచ్చినదానికంటే ఎక్కువ. 10 పీపీఎం అనేది సమతాస్థితి మనకు ఇచ్చేది కాదు. ఆక్సిజన్ దాన్ని కాల్చేసిన తర్వాత, కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ కలిసి తిరోగామి చర్యలో దాన్ని మళ్లీ పుట్టించకముందే వాయువును బయటికి లాగేయాలి. అందుకే ప్రాక్స్‌లో ఉత్ప్రేరకాన్ని ఎక్కువ వేయడం మేలు చేయకపోగా కీడు చేయవచ్చు.

పూతపని, చెన్నై

కార్ల సైలెన్సర్‌లో ఉండే ఉత్ప్రేరక ఇటుకలకు పూత వేయడం నా ఉద్యోగం. వేడి గురించి పెద్దలు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, ఇంకో దొంగ దారి గురించి చెబుతాను. మోనోలిత్‌ను రియాక్టర్ గొట్టంలో ఎలా కూర్చోబెట్టారు? దాని చుట్టూ సందు ఎంత?

కారులో 95 శాతం మార్పిడి జరిగితే మాకు సంతోషం. మీకు 99.9 శాతం కావాలి. మీ లోపలి వాయువులో 10,000 పీపీఎం ఉంది కాబట్టి అందులో ఒక్క శాతం ఉత్ప్రేరకాన్ని తప్పించుకున్నా బయట 100 పీపీఎం కనిపిస్తుంది. మిగతా 99 శాతం ఎంత శుభ్రంగా ఉన్నా లాభం లేదు. మీ కొలతలతో లెక్క వేశాను. ఇటుక చుట్టూ 0.3 మి.మీ. సందు ఉంటే ఒక శాతం వాయువు, 0.5 మి.మీ. ఉంటే ఐదు శాతం వాయువు ఆ సందులోంచి జారిపోతుంది. సందు రెట్టింపైతే అందులో ప్రవాహం ఎనిమిది రెట్లవుతుంది. మీరు చెప్పిన 400 పీపీఎం ఈ హద్దుల మధ్యనే ఉందని గమనించండి. మేమైతే వేడికి ఉబ్బే వెర్మిక్యులైట్ చాపను చుట్టి బిగిస్తాం. ప్రయోగశాలలో సిరామిక్ ఫైబర్ పట్టీ చాలు. కోతలో తెరుచుకుపోయిన అంచు రంధ్రాలను సిరామిక్ సిమెంటుతో మూసేయండి.

ఇక పూత విషయం. పొడిని నీటిలో వేసి, బంతుల మిల్లులో చాలాసేపు తిప్పి, రేణువుల్లో అత్యధిక భాగం 5 మైక్రాన్ల లోపుకు వచ్చేలా నూరాలి. అంతకంటే గరుకుగా ఉంటే పూత ఆరాక గోరుతో గీకితేనే రాలిపోతుంది. కొద్దిగా బోహెమైట్ (పూతను అంటిపెట్టి ఉంచే అల్యూమినియం సమ్మేళనం) కలిపి, నైట్రిక్ ఆమ్లంతో పీహెచ్‌ను 4 దగ్గరికి తేవాలి. ఇటుకను నిలువుగా మెల్లగా ముంచి, రంధ్రాల నుంచి బుడగలు రావడం ఆగాక పైకి తీసి, వెంటనే ఒక వైపు నుంచి గాలి ఊది, మళ్లీ తిప్పి రెండో వైపు నుంచి ఊదాలి. ఆరేటప్పుడు పడుకోబెట్టి తిప్పుతూ ఉండకపోతే ముద్ద అంతా కిందికి జారి ఒక పక్క చేరుతుంది. ఒకే ముంపులో బరువంతా ఎక్కించాలని చూడకండి. పలచగా వేసి, ఆరబెట్టి, కాల్చి, మళ్లీ ముంచండి. చివర్లో ఇటుకను ద్రావకంలో ఉంచి అల్ట్రాసోనిక్ తొట్టెలో కొంతసేపు కదిలించి, బరువు ఎంత తగ్గిందో చూస్తే పూత గట్టిదనం తెలుస్తుంది.

చతురస్రపు రంధ్రం మూలల్లో పూత ఎప్పుడూ మందంగా పేరుకుంటుంది. గోడ మధ్యలో 20 మైక్రాన్లు ఉన్నచోట మూలలో 100 మైక్రాన్లు దాటవచ్చు. ఆ మందం అడుగు దాకా కార్బన్ మోనాక్సైడ్ చేరదు, చురుకైన హైడ్రోజన్ చేరుతుంది. అక్కడ ఆక్సిజన్ హైడ్రోజన్‌కే ఖర్చవుతుంది. అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద మూలలు చూడండి.

లోహపురేకు, జర్మనీ

కార్డిరైట్‌ను వదిలి లోహపు మోనోలిత్‌కు మారమని నా సలహా. ఇనుము, క్రోమియం, అల్యూమినియం కలిసిన 50 మైక్రాన్ల రేకును ముడతలు పెట్టి, చదును రేకుతో కలిపి చుడితే తేనెపట్టు తయారవుతుంది. దాన్ని గాలిలో 900 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచితే లోహంలోని అల్యూమినియం పైకి వచ్చి అల్యూమినా సూదులుగా పెరుగుతుంది. పూత ఆ సూదులను పట్టుకుని నిలబడుతుంది. ఈ మిశ్రలోహపు ఉష్ణవాహకత కార్డిరైట్‌కు అయిదారు రెట్లకు పైనే. ప్రాక్స్‌లో 200 డిగ్రీలు దాటనే కూడదు కాబట్టి అల్యూమినియం కూడా వాడుకోవచ్చు. దాని వాహకత 200 వాట్ల స్థాయిలో ఉంటుంది, ఆమ్లంలో ఆనోడీకరణ చేస్తే (విద్యుత్తుతో పైపొరను ఆక్సైడ్‌గా మారిస్తే) దాని మీదే సచ్ఛిద్రమైన అల్యూమినా పొర పుడుతుంది. అల్యూమినియం నురుగు ఇటుకలైతే వేడి అన్ని దిక్కులకూ పాకుతుంది. తేనెపట్టులో అడ్డంగా పాకడానికి పలచని గోడలే దారి. నురుగులో పీడన నష్టం తేనెపట్టు కంటే ఎక్కువే అయినా గుళికల పడక కంటే తక్కువ.

విశ్రాంత_రసాయనుడు

లోహానికి మారడంలో తప్పు లేదు. అయితే లోహం వేడిని మాయం చేయదు, సర్దుతుంది అంతే. చుట్టూ ఇన్సులేషన్ కట్టి, చల్లబరిచే ఏర్పాటు లేకుండా నడిపితే అల్యూమినియం ఇటుక నుంచి వచ్చే వాయువు కూడా ఆ 175 డిగ్రీలూ మోసుకునే వస్తుంది. పైగా మంచి వాహకం వెనక భాగంలోని వేడిని ముందుకు తెచ్చి, కార్బన్ మోనాక్సైడ్ ఇంకా నిండుగా ఉన్న ప్రవేశ భాగాన్నే అతిగా వేడెక్కిస్తుంది. అప్పుడు మొదటి కొన్ని మిల్లీమీటర్లలోనే ఆక్సిజన్ అయిపోతుంది.

ఒక కిలోవాట్ యంత్రానికి సుమారు ఎంత వేడి తీయాలో చూడండి. ఇలాంటి వాయువు గంటకు 1.7 ఘనమీటర్లు కావాలి. మిత్రుడి ప్రవాహ వేగానికి ఉత్ప్రేరకపు ఇటుక 170 మిల్లీలీటర్లు, అంటే పిడికిట్లో పట్టేంత. అందులో పుట్టే వేడి 110 వాట్లు. ఆ పిడికెడు ఇటుకను 50 డిగ్రీల కిటికీలో నిలబెట్టాలంటే దాని గోడకు అవతల నీరో, నూనెనో, రిఫార్మర్‌కు వెళ్లే చల్లని నీటిధారో ప్రవహించాలి. వాహకత గొప్పదనం బయటపడేది అప్పుడే. లేదా ఆక్సిజన్‌ను రెండు విడతలుగా ఇచ్చి మధ్యలో చల్లబరచాలి.

లోహపురేకు

అంగీకరిస్తాను, నేను చల్లబరిచే గోడ ఉందనే ఊహతో రాశాను. ఈ మిత్రుడి విషయంలో గోడ కొలిమిలో ఉంది కాబట్టి 25 మి.మీ. లోహపు ఇటుక వేడిని గోడకు చేర్చగలదు, కార్డిరైట్ చేర్చలేదు. పోలిక కోసం రెండూ నడిపి చూడటం మంచిది.

చదువరి, విజయవాడ

మధ్యలో వచ్చి అడుగుతున్నందుకు మన్నించాలి. 160 డిగ్రీల పైన పనిచేసే ఫాస్ఫారిక్ ఆమ్లపు పొర ఉన్న ఫ్యూయల్ సెల్‌లు ఒక శాతం కార్బన్ మోనాక్సైడ్‌ను కూడా తట్టుకుంటాయంటారు కదా. అలాంటప్పుడు ఈ ప్రాక్స్ ఎందుకు?

విశ్రాంత_రసాయనుడు

తట్టుకుంటాయి. 2019 సెప్టెంబరులో సీఎస్‌ఐఆర్, థర్మాక్స్ కలిసి ఆవిష్కరించిన 5 కిలోవాట్ల వ్యవస్థ ఆ అధిక ఉష్ణోగ్రత రకానిదే. అయితే అవి వేడెక్కి పని మొదలుపెట్టడానికి సమయం పడుతుంది, ఆమ్లం క్రమంగా తరిగిపోతుంది. 80 డిగ్రీల దగ్గర నడిచే రకం చటుక్కున మొదలవుతుంది. జపాన్‌లో 2009 నుంచి ఎనె-ఫార్మ్ పేరుతో ఇళ్లకు అమ్మడం మొదలుపెట్టిన యంత్రాల్లో ఈ రకం ఉంది, వాటిలో సహజవాయువును అక్కడికక్కడే రిఫార్మ్ చేసి కార్బన్ మోనాక్సైడ్‌ను తొలగిస్తారు. వాహనాల మాట వేరు. వాటికిచ్చే హైడ్రోజన్‌లో అంతర్జాతీయ ప్రమాణం అనుమతించేది 0.2 పీపీఎం మాత్రమే. అక్కడ ప్రాక్స్‌కు చోటు లేదు. నీటిని విద్యుత్తుతో విడగొట్టి తీసిన హైడ్రోజన్‌కైతే ఈ చర్చే అక్కరలేదు.

వరంగల్_పరిశోధకుడు

అందరి సూచనలూ పాటించి కొన్ని కొలతలు తెచ్చాను. సందును సిరామిక్ ఫైబర్‌తో బిగించి, అంచు రంధ్రాలను మూసేశాక కనిష్ఠ విలువ 400 నుంచి 130 పీపీఎంకు దిగింది. అర మిల్లీమీటరు థర్మోకపుల్‌ను మధ్య రంధ్రంలోకి దించి వెనక్కీ ముందుకీ జరిపి చూస్తే, కొలిమి 140 డిగ్రీల దగ్గర ఉన్నప్పుడు ప్రవేశం నుంచి 12 మి.మీ. లోతున 215 డిగ్రీలు చూపింది. ఇప్పుడు ఈ 130 ఎక్కడి నుంచి వస్తోందో ఎలా తెలుసుకోవాలి?

విశ్రాంత_రసాయనుడు

ఆ రంధ్రంలో సగం వెడల్పును తీగ ఆక్రమించింది కాబట్టి అందులో ప్రవాహం తగ్గి ఉంటుంది. పక్క రంధ్రాల్లో 215 కంటే ఎక్కువే ఉండవచ్చు.

మూలం తెలుసుకోవడానికి ప్రవాహాన్ని రెట్టింపు చేయండి, ఇంకేదీ మార్చకండి. కార్బన్ మోనాక్సైడ్ పెరిగితే చర్యకు సమయం చాలడం లేదని అర్థం. తగ్గితే తిరోగామి చర్య దాన్ని తోకభాగంలో మళ్లీ పుట్టిస్తోంది. ప్రవాహం మార్చినా, ఉష్ణోగ్రత మార్చినా కదలకపోతే ఇంకా ఎక్కడో సందు ఉంది. బయటి వాయువులో ఆక్సిజన్ మిగులుతోందో లేదో కూడా ప్రతిసారీ రాసుకోండి. ఉష్ణవాహకత డిటెక్టరుతో ఇంత తక్కువ మోతాదును నమ్మడానికి లేదు. కార్బన్ మోనాక్సైడ్‌ను మీథేన్‌గా మార్చి జ్వాలా డిటెక్టరుకు పంపే గొట్టం ఉంటే ఒక పీపీఎం దాకా స్పష్టంగా కనిపిస్తుంది.

వరంగల్_పరిశోధకుడు

కొలిమి 120 డిగ్రీల దగ్గర ప్రవాహం రెట్టింపు చేస్తే పెరిగింది, బయట కొంచెం ఆక్సిజన్ కూడా మిగిలింది. 140 దగ్గర మాత్రం 130 నుంచి 80కి తగ్గింది, ఆక్సిజన్ ఏమీ మిగలలేదు. ఆక్సిజన్‌ను 1 శాతం నుంచి 1.3కు పెంచితే ఇంకా తగ్గుతుందనుకుంటే, 200 దాటిపోయింది.

పూతపని

ఇక సందు మాట మరిచిపోవచ్చు.

విశ్రాంత_రసాయనుడు

అవును, 140 దగ్గర మిగిలినది తిరోగామి చర్యే. ఆక్సిజన్ పెంచినప్పుడు అది కార్బన్ మోనాక్సైడ్ కోసం వెళ్లలేదు, హైడ్రోజన్‌ను కాల్చి వేడి పెంచింది, ఆ వేడికి తోకభాగం ఇంకా ఎక్కువ పుట్టించింది. ఇటుకను రెండు ముక్కలు చేయండి. ముందు ముక్కకు ఆక్సిజన్‌లో మూడింట రెండు వంతులు, మిగతాది రెండో ముక్కకు ఇవ్వండి. మధ్యలో వాయువు కలవడానికీ 110 డిగ్రీలకు చల్లారడానికీ ఖాళీ ఉంచండి. ఇన్ని రంధ్రాల తేనెపట్టులో ఒక రంధ్రం నుంచి ఇంకో రంధ్రానికి వాయువు మారదు కాబట్టి, రెండో ముక్కలోకి వెళ్లేలోపే గాలి పూర్తిగా కలవాలి. కలవకపోతే కొన్ని రంధ్రాలకు ఆక్సిజన్ ఎక్కువై, కొన్నింటికి అసలు అందదు. మొత్తం ఆక్సిజన్ రెండు శాతం లోపే ఉంది కాబట్టి మంట పాకే హద్దుకు దూరంగానే ఉన్నారు. అయినా గాలి గొట్టానికి ఎదురు రాకుండా వాల్వు పెట్టడం మరవకండి.

లోహపురేకు

రెండో ముక్క పొడవు విషయంలో జాగ్రత్త. ఆక్సిజన్ ఎక్కడ పూర్తిగా అయిపోతుందో థర్మోకపుల్ చూపిస్తుంది. ఆ తర్వాత ఉష్ణోగ్రత పెరగడం ఆగి మెల్లగా దిగుతుంది. అక్కడి నుంచి చివరిదాకా ఉన్న పూత మీకు కార్బన్ మోనాక్సైడ్‌ను తయారుచేసే పని మాత్రమే చేస్తోంది. మొదట 15 మి.మీ. ముక్కతో మొదలుపెట్టి, బయట ఆక్సిజన్ మిగిలితేనే పొడవు పెంచండి.